తరగతిలో రోజూ పావుగంట సొంత చదువు: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

మన మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో చాలా చోట్ల కథల పుస్తకాలు ఉన్నాయి. హెడ్‌మాస్టరు గదిలోని బీరువాలో, స్టాకు రిజిస్టరులో నంబర్లు పడి, కట్ట కూడా విప్పకుండా ఉన్నాయి. పిల్లలు పుస్తకాలు ముట్టుకోవడం లేదని అనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. పుస్తకం వాళ్ల చేతికి అందేలా ఉందా? వాళ్లు చదవగలిగే స్థాయిలో ఉందా? చదువుకోవడానికి రోజూ ఒక వేళ ఉందా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా శ్రమంతా వృథా.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’, తెలంగాణలో 2022లో వంద రోజుల ‘రీడ్’ కార్యక్రమాలు జరిగాయి. ఇలాంటివి వచ్చినప్పుడు టైంటేబుల్లో చదవడానికి ఒక గడి దొరుకుతుంది. సర్క్యులరు పాతబడగానే ఆ గడిలోకి లెక్కలో, సైన్సో వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ చెప్పేది పైనుంచి ఆదేశం లేకపోయినా ఒక టీచరు తన తరగతిలో నడుపుకోగలిగిన పద్ధతి. మూడు నుంచి ఐదు తరగతులు, 30 మంది పిల్లలు అనుకుని లెక్కలు వేశాం. మీ సంఖ్యను బట్టి మార్చుకోండి.

ముందు ఒక స్పష్టత. ఒకరు లేచి పైకి చదువుతుంటే మిగతా ఇరవైతొమ్మిది మంది గీతల కింద వేలు జరుపుకుంటూ పోవడాన్ని సొంత చదువు అనరు. పిల్లలు తమకు తామే పుస్తకం ఎంచుకుని, తమ వేగంతో చదువుకోవాలి. పాఠ్యపుస్తకం పక్కన పెట్టాలి. చివర ప్రశ్నలు–జవాబులు ఉండవు, మార్కులు ఉండవు.

1. ఎవరు ఎంతవరకు చదవగలరో తెలుసుకోండి (ఒక వారం)

పుస్తకాలు బయటికి తీయకముందే ఈ పని చేయాలి. దీన్ని వదిలేసి నేరుగా పుస్తకాలు పంచితే రెండో వారానికే సగంమంది బొమ్మలు తిరగేసి మూసేస్తారు.

మూడు పుస్తకాలు పట్టుకోండి. ఒకదాంట్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలు ఉండాలి. రెండోదాంట్లో పేజీకి ఐదారు వాక్యాలు, మూడోదాంట్లో పేజీలో సగానికి పైగా అక్షరాలు ఉండాలి. పిల్లలెవరూ ఇంతకుముందు చూడనివైతే మంచిది. లేకపోతే కంఠతా వచ్చినదాన్ని అప్పజెప్పేస్తారు, మీకు తేడా తెలియదు. రోజుకు ఆరుగురు చొప్పున, ఒక్కొక్కరిని వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని రెండు మూడు నిమిషాలు చదివించండి. నలుగురి ముందు చదివిస్తే తడబడేవాళ్లు మరింత తడబడతారు.

ఎన్ని తప్పులన్నది కాదు, ఎక్కడ ఆగారన్నది రాసుకోండి. తెలుగు చదవడంలో ఆగే చోట్లు దాదాపు ఇవే:

- గుణింతాలు: కొ–కో, మె–మే లాంటి పొట్టి పొడుగు తేడాలు.
- ద్విత్వాలు: అక్క, పువ్వు, చెట్టు. ఇవి తొందరగానే పట్టుబడతాయి.
- సంయుక్తాక్షరాలు: పుస్తకం, చంద్రుడు, కార్యం. నాలుగో తరగతిలో కూడా ఎక్కువమంది ఆగేది ఇక్కడే.
- సంశ్లేషాక్షరాలు: రాష్ట్రం, స్త్రీ.
- అక్షరాలన్నీ వచ్చినా పదం పొడుగై ఆగిపోవడం: ‘వెళ్లిపోయిందనుకున్నారు’, ‘ఎక్కడినుంచొచ్చావు’ లాంటివి.

ఐదోదాన్ని టీచర్లు తరచూ గుర్తించరు. పిల్లవాడికి వత్తులు రావనుకుని మళ్లీ వత్తుల పట్టిక దిద్దిస్తారు. వాడికి కావలసింది పొడుగు పదాన్ని ముక్కలు చేసుకోవడం: వెళ్లి–పోయింది–అనుకున్నారు. రోజూ బోర్డు మీద అలాంటి పదాలు రెండు రాసి, గీతలు పెట్టి విడదీసి, మళ్లీ కలిపి పలికిస్తే నెలలో తేడా కనిపిస్తుంది.

ఈ పరిశీలనలో గడియారం పెట్టకండి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అన్న లెక్క ఉంది, దానికి వేరే పరీక్షలున్నాయి. ఇక్కడ మీకు కావలసింది ఏ పిల్లవాడి చేతిలో ఏ పుస్తకం పెట్టాలన్న అంచనా ఒక్కటే. వారం చివరికి మీ దగ్గర మూడు జాబితాలు ఉంటాయి. అవి మీ నోటుపుస్తకంలోనే ఉండాలి, గోడ మీద కాదు.

2. పుస్తకాలు: ఎన్ని, ఎలాంటివి, ఎక్కడివి

30 మందికి 90 నుంచి 100 పుస్తకాలుంటే ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. మనిషికి ఒకటి చొప్పున 30 మాత్రమే ఉంటే ఎంపిక ఉండదు, మిగిలింది తీసుకోవడమే ఉంటుంది. వందలో 45 దాకా చిన్నవి ఉండాలి. అంటే తరగతిలో బాగా వెనుకబడిన పిల్లలు కూడా కూర్చున్న ఒక్కసారిలోనే పూర్తి చేయగలిగినవి. ఓ 35 మధ్య రకం, 20 పెద్దవి చాలు. చేత్తో పట్టుకున్న పుస్తకాన్ని చివరిదాకా చదివేశానన్న అనుభవం ఎన్నిసార్లు కలిగితే పిల్లలు అన్నిసార్లు ఇంకో పుస్తకం అడుగుతారు.

కొనేటప్పుడు జరిగే పొరపాటు దాదాపు అన్ని బడుల్లో ఒకటే. మహనీయుల జీవిత చరిత్రలు, నీతికథల సంపుటాలు, జనరల్ నాలెడ్జి పుస్తకాలు కట్టలకొద్దీ తెస్తారు. అక్షరాలు చిన్నవి, పేజీ నిండా ఒత్తుగా, బొమ్మ ఒక్కటి. అవి చదవదగ్గ పుస్తకాలే కావచ్చు, ఏడో తరగతికి. మీరు కొనేముందు మధ్య పేజీ తెరిచి చూడండి. వాక్యాలు పొట్టిగా, వరసల మధ్య ఖాళీ, అక్షరం పాఠ్యపుస్తకం అక్షరమంత ఉంటే తీసుకోండి. అన్నీ కథలే అక్కర్లేదు. పాములు, చీమలు, రైలు ఇంజను, పళ్లు ఎందుకు పుచ్చుతాయి లాంటి విషయాలకు మొండిగా కథలు చదవని పిల్లలు లొంగుతారు. పొడుపుకథల పుస్తకాలు రెండు మూడు తప్పక ఉండాలి, అవి అన్నిటికంటే ముందు చిరిగిపోతాయి.

దొరికే చోట్లు:

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటు (2015 నుంచి నడుస్తోంది). తెలుగులో చాలా పుస్తకాలు ఉచితం. పీడీఎఫ్ దించుకుని ముద్రించుకోవచ్చు, లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. అక్కడ నాలుగు స్థాయిలుంటాయి: మొదటిది 250 పదాలలోపు, రెండోది 250–600, మూడోది 600–1500, నాలుగోది అంతకు మించి. పదాల లెక్కను తెలుగుకు అలాగే నమ్మకండి. ఇంగ్లిషులో నాలుగు పదాలయ్యేది మనకు ఒకే పొడుగు పదం అవుతుంది కాబట్టి రెండో స్థాయి తెలుగు పుస్తకం కొన్నిసార్లు మూడో స్థాయంత బరువుగా ఉంటుంది. అనువాదాల్లో భాష పుస్తకాల భాషలా ఉంటే పక్కన పెట్టేయండి. ఒక పేజీ పైకి చదివితే తెలిసిపోతుంది.

సికింద్రాబాద్ తార్నాకలోని ‘మంచి పుస్తకం’, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. సమగ్ర శిక్ష గ్రంథాలయ నిధిలో ప్రాథమిక పాఠశాలకు రూ.5,000 ఏర్పాటు ఉంది. సెట్లుగా కట్టి పంపేవాటిని కాకుండా, ఎంపిక మీ చేతిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటి చూసి తీసుకోండి.

ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే పిల్లల విభాగం అడగండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా ఆ ఊరివాళ్లు కడుతున్నదే కాబట్టి మొహమాటం అక్కర్లేదు. పాత చందమామలు ఎవరింట్లోనైనా దొరికితే తెచ్చుకోండి, అయితే ఐదో తరగతిలో బాగా చదివేవాళ్లకే. ఆ రెండు వరసల ఇరుకు అక్షరాలు చూసి చిన్నవాళ్లు బెదిరిపోతారు.

పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వైపు బడుల్లో ఇంకో సంగతి. పిల్లలు ఇంట్లో కువి, కోయ, గోండి మాట్లాడతారు. బహుభాషా విద్య కింద తెలుగు లిపిలో గిరిజన భాషల్లో అచ్చైన పుస్తకాలు ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం)లోనో ఆశ్రమ పాఠశాల గదిలోనో పడి ఉండవచ్చు. అడిగి తెచ్చుకోండి. దొరకకపోతే పిల్లలు చెప్పిన ఊరి కథను వాళ్ల మాటల్లోనే పెద్ద అక్షరాలతో ఎనిమిది పేజీల్లో రాసి, బొమ్మలు వాళ్లచేతే వేయించి కుట్టేయండి. ఏ తరగతిలోనైనా ఇలాంటి పుస్తకాలు ఓ ఐదు ఉంటే బాగుంటుంది.

3. పుస్తకం ముఖం కనబడాలి

అరలో నిలబెట్టిన సన్నని పిల్లల పుస్తకానికి వీపే ఉండదు. పేరు కనబడదు, బొమ్మ కనబడదు. అందుకే దండెం పద్ధతి. పది అడుగుల నైలాన్ తాడు గోడకు రెండు మేకుల మధ్య కట్టి, బట్టల క్లిప్పులతో అట్ట బయటికి కనబడేలా వేలాడదీయాలి. ఒక తాడుకు 12 పుస్తకాలు పడతాయి. ఒకటి నేలకు మూడడుగుల ఎత్తున, ఇంకొకటి నాలుగున్నర అడుగుల ఎత్తున కడితే రెండింటికీ కలిపి 24. బరువు పుస్తకాలు వేలాడదీస్తే కుట్టు వదులవుతుంది, వాటిని కింద అట్టపెట్టెలో పెట్టండి. అక్కడా ముఖాలు ముందుకే ఉండాలి.

వంద పుస్తకాలూ ఒకేసారి పెట్టకండి. 24 దండెం మీద, ఓ 25 పెట్టెల్లో, మిగతావి లోపల. పదిహేను రోజులకొకసారి సగం మార్చండి. పాతవి మళ్లీ రెండు నెలలకు బయటికొస్తే కొత్తవాటిలాగే తీసుకుంటారు.

బ్రౌన్ కాగితం అట్టలు వేయకండి. పుస్తకం మీద పిల్లలకు మనసు కలిగించేదే ముఖచిత్రం, దాన్ని కప్పేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పారదర్శక ప్లాస్టిక్ షీటు వేయండి. స్థాయి గుర్తు మీకు కావాలంటే వెనక అట్ట లోపలి వైపు చిన్న రంగు చుక్క పెట్టుకోండి. బయట పెడితే వారంలో అది ‘మొద్దు రంగు’, ‘ఫస్ట్ ర్యాంకు రంగు’ అయిపోతుంది.

4. వేళ ఖాయం చేయండి

మూడో తరగతి నుంచి 15 నిమిషాలు. మొదటి రెండు వారాలు 8 నిమిషాలతో ఆపండి. ఇంకొంచెంసేపు ఉంటే బాగుండు అనిపించేటప్పుడే గంట కొట్టాలి.

ప్రార్థన అయిన వెంటనేగానీ మధ్యాహ్న భోజనం తర్వాతి మొదటి పావుగంటగానీ అనువైనవి. భోజనం తర్వాత ఎలాగూ పాఠం తలకెక్కదు, పిల్లలు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని వచ్చేసరికి పుస్తకం తీసుకుని కూర్చునే వీలుంటుంది. చివరి పీరియడు వద్దు. దాన్ని మీటింగు, వాన, ఆటలు, ఎవరో ఆఫీసరు రాక అన్నీ తినేస్తాయి. వారానికి ఒక పూర్తి పీరియడు ఇచ్చే లైబ్రరీ పీరియడు పద్ధతికంటే రోజూ పావుగంట మేలు. శుక్రవారం చదివిన సగం కథ వచ్చే శుక్రవారానికి ఎవరికీ గుర్తుండదు.

ఏకోపాధ్యాయ పాఠశాలైతే అన్ని తరగతులకూ ఒకే వేళ పెట్టండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు గొణుగుతూనే చదువుతారు, వాళ్లను ‘ష్’ అనకండి. కళ్లతో మాత్రమే చదవడం ఆ తర్వాత వచ్చే మెట్టు. పెదవులు కదులుతున్నాయంటే పని జరుగుతోందని అర్థం.

5. మొదటి పది రోజులు: ఎలా చదువుకోవాలో నేర్పడం

పుస్తకం ఇచ్చి ‘చదువుకోండి’ అంటే సరిపోదు. రోజుకు ఒక్క సంగతి, ఐదు నిమిషాలు చూపించి, తర్వాత చదవనివ్వండి.

మొదటి రెండు రోజులు పుస్తకం పట్టుకోవడం. క్లిప్పు తీయడం, పేజీ కుడి పై మూలనుంచి తిప్పడం, ఉమ్మి తడి పెట్టకపోవడం, ఎక్కడ ఆపామో కాగితం ముక్కతో గుర్తు పెట్టుకోవడం.

తర్వాత మూడు రోజులు ఎంచుకోవడం. అట్ట చూడు, పేరు చదువు, మధ్యలో ఒక పేజీ తెరువు. ఆ పేజీ చదువుతూ ఆగిపోయిన ప్రతి పదానికీ ఒక వేలు ముడువు. ఒకటి దాకా అయితే తేలిక. రెండు మూడు అయితే సరిగ్గా సరిపోతుంది. నాలుగైదు అయితే ఇప్పటికి పక్కన పెట్టు, లేదా ఎవరితోనైనా కలిసి చదువు. పేజీలో ఇరవై పదాలైనా లేని చిన్న పుస్తకాలకు ఈ లెక్క పనికిరాదు, అక్కడ రెండు వేళ్లు ముడిచినా కష్టమైన పుస్తకమే. ఊరి పేరో మనిషి పేరో కొత్తగా ఉందని వేలు ముడవనక్కర్లేదని కూడా చెప్పండి. చిన్నవాళ్లు నియమాన్ని అక్షరాలా పాటిస్తారు.

తర్వాతి మూడు రోజులు ఆగిపోతే ఏం చేయాలో చూపించండి. బొమ్మ చూడు. పదం ముక్కలు చెయ్యి. రాకపోతే వదిలి వాక్యం చివరిదాకా వెళ్లి వెనక్కి రా. పక్కవాళ్లను అడుగు. అందరికంటే చివర టీచరును అడుగు. ఇదంతా మీరు పైకి చేసి చూపించాలి. ఒక పుస్తకం పట్టుకుని, కావాలని ఒక పదం దగ్గర ఆగి, మనసులో అనుకునేది పైకి అనండి: “సంక్... సంక్రా... ఓ, గొబ్బెమ్మల బొమ్మ ఉంది కదా, సంక్రాంతి!”

చివరి రెండు రోజులు పుస్తకం నచ్చకపోతే మార్చుకోవడం. ఇది అనుమతించాలి. అయితే వేళ మొదలుకాకముందే రెండు పుస్తకాలు దగ్గర పెట్టుకోవాలి, మధ్యలో లేచి దండెం దగ్గరికి వెళ్లకూడదు. ఈ ఒక్క నియమంతో అలజడి సగానికి సగం తగ్గుతుంది.

6. ఆ పావుగంట మీరేం చేయాలి

కాపీలు దిద్దకూడదు. మధ్యాహ్న భోజనం లెక్క రాయకూడదు. ఫోను ముట్టుకోకూడదు, యాప్‌లో హాజరు వేయాల్సి ఉన్నా సరే. మొదటి వారం మీరూ ఒక పుస్తకం పట్టుకుని వాళ్లకు కనిపించేలా చదవండి. పెద్దవాళ్లు తమకోసం పుస్తకం చదువుతుంటే చూడని పిల్లలు చాలామంది.

రెండో వారంనుంచి మీ పని మారుతుంది. రోజుకు ముగ్గురి పక్కన, ఒక్కొక్కరి దగ్గర నాలుగు నిమిషాలు కూర్చోండి. 30 మందిని చుట్టి రావడానికి పది పనిదినాలు పడుతుంది. ఇది లేకపోతే సొంత చదువు కాస్తా నిశ్శబ్దంగా కూర్చునే పీరియడు అవుతుంది. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక కూడా, మార్గదర్శనం లేకుండా పిల్లలను మౌనంగా చదువుకోమని వదిలేస్తే చదవడం మెరుగుపడుతుందనడానికి తగిన ఆధారాలు దొరకలేదంది. దాన్ని పట్టుకుని ఈ పద్ధతే దండగ అన్నవాళ్లున్నారు. అందులోంచి తీసుకోవలసింది, టీచరు పక్కన లేని పావుగంటను లెక్కలోకి తీసుకోవద్దనే.

పక్కన కూర్చున్నాక ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని అడగకండి. మన పిల్లలు ఆ ప్రశ్నకు కథ చదవకుండానే జవాబు చెప్పగలరు. ఇలా అడగండి:

“ఎంతదాకా వచ్చావు? ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నావు?”
“నవ్వొచ్చిన చోటు చూపించు.”
“ఈ పేజీ నాకు చదివి వినిపించు.”
“ఈ పుస్తకం ఎందుకు తీసుకున్నావమ్మా?”

ఒక్క తప్పు సరిదిద్దండి చాలు, రెండు వద్దు. నోటుపుస్తకంలో పిల్లవాడికి ఒక పేజీ: తేదీ, పుస్తకం, ఎక్కడ ఆగాడు, తర్వాత ఏ పుస్తకం చూపించాలి. రెండు లైన్లు మించవు.

చదువుతున్నట్టు నటించేవాళ్లు ఉంటారు. గుర్తులు తెలుసుకోండి. పేజీలు ఒకే తూకంగా తిరుగుతుంటాయి. రోజూ బాగా లావు పుస్తకమే తీస్తారు. పావుగంటలో నాలుగుసార్లు మార్చమంటారు. సరిగ్గా మీరు చూసినప్పుడే పెదవులు కదులుతాయి. తిట్టి లాభం లేదు. పుస్తకం స్థాయికి మించింది, ఆ సంగతి పక్కవాళ్లకు తెలియడం ఇష్టంలేదు. వెళ్లి పక్కన కూర్చుని తేలికైన పుస్తకంలో మొదటి రెండు పేజీలు మీరు చదివి, మూడోది వాళ్లకు వదిలి లేచిపోండి.

7. అక్షరాలు నిలవని నాలుగు, ఐదు తరగతుల పిల్లలు

దాదాపు ప్రతి తరగతిలోనూ కొందరుంటారు. పావుగంట సొంత చదువుతో వాళ్లకు చదవడం వచ్చేయదు, అక్షరాలూ గుణింతాలూ వేరే సమయంలో మీరే నేర్పాలి. తెలంగాణ ‘తొలిమెట్టు’లాంటి కార్యక్రమాలు వచ్చింది అందుకే. అయితే ఆ పావుగంట వాళ్లను బయట కూర్చోబెట్టి పలకమీద దిద్దించకండి. వాళ్లకు మూడు రకాల పుస్తకాలు పనికొస్తాయి. మాటల్లేని బొమ్మల కథలు ఒకటి. ఒకే వాక్యం ప్రతి పేజీలో ఒక్క మాట మారి వచ్చేవి రెండు. నోటికొచ్చిన పాటను పెద్ద అక్షరాల్లో రాసి కుట్టినవి మూడు. పాట ముందే తెలుసు కాబట్టి నోట్లో ఉన్నదాన్ని కాగితం మీద వెతుక్కుంటారు, వేలు పదం మీద ఆగడం అలా అలవాటవుతుంది.

ఐదో తరగతి అబ్బాయి పేజీకొక వాక్యం ఉన్న పుస్తకం పట్టుకోడు, పరువు తక్కువ. దానికి మందు ఒకటుంది. “శుక్రవారం ఒకటో తరగతి పిల్లలకు నువ్వు ఈ పుస్తకం చదివి వినిపించాలి, నాలుగు రోజులు సాధన చెయ్యి” అనండి. చిన్న పుస్తకం చదవడానికి అప్పుడు వాడికి గౌరవమైన కారణం దొరుకుతుంది. నిజంగానే శుక్రవారం పంపించండి, మాట తప్పితే మళ్లీ పనిచేయదు.

8. పుస్తకం మీద మనసు పుట్టించే పని

రోజూ పది నిమిషాలు మీరు పైకి చదివి వినిపించండి, కుదరకపోతే వారానికి మూడు రోజులైనా. కొత్త పుస్తకాలు దండెం మీదికి ఎక్కించే రోజు ఒకదాన్ని సగందాకా చదివి, రసపట్టులో ఆపి, క్లిప్పుకు తగిలించేయండి. మిగతా సగం కోసం పోటీ పడతారు.

శుక్రవారమో, ‘నో బ్యాగ్ డే’ ఉన్నచోట శనివారమో, ఇరవై నిమిషాలు పుస్తకాల ముచ్చట. ఇష్టమైనవాళ్లు లేచి ఒక్క నిమిషం చెప్పాలి: పుస్తకం పేరు, నచ్చిన చోటు, ఎవరికి నచ్చుతుంది. “ఇది కుక్కలంటే భయపడేవాళ్లు చదవండి” అన్న ఒక్క మాట మీ సిఫారసులు పదింటికంటే బాగా పనిచేస్తుంది. వెనక అట్ట లోపల ఒక చీటీ అంటించి, చదివినవాళ్లు పేరు, ఒక మాట రాయనివ్వండి. బాగోలేదు అని రాసినా చెరపకండి.

ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి అన్నది మాత్రం వద్దు. పెట్టిన మర్నాటినుంచి అందరూ అన్నిటికంటే సన్న పుస్తకాలే తీస్తారు, చదవనివి కూడా రాసుకుంటారు, పెద్ద పుస్తకం మీద రెండు వారాలు కష్టపడుతున్న పిల్ల జాబితాలో అట్టడుగున ఉంటుంది. సారాంశం రాయమనడం కూడా అంతే. పుస్తకం ముగిసిందంటే హోంవర్కు మొదలైందని అర్థమయ్యాక ఎవరూ పుస్తకం ముగించరు.

9. ఇంటికి ఇవ్వడం, పోయిన పుస్తకాల లెక్క

బీరువా తాళం వెనక ఉన్న అసలు భయం ఇదే. బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించాలి, నంబరు తగ్గితే ఎవరు కట్టాలి? ఈ భయాన్ని కొట్టిపారేయకుండా కాగితం మీద పరిష్కరించాలి. ఒక పోలిక చెప్పుకోవచ్చు: కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) గ్రంథాలయాల్లో ఏడాదికి ఇచ్చిన, చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగా ఒప్పుకుంటాయి, అందులో నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. రూ.1,000 దాటిన పుస్తకం పోతే విచారించాలి. మీ బడికి వర్తించే నియమాలు రాష్ట్రానివే అయినా, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో ‘వాడకంలో చిరిగిన, పోయిన పుస్తకాలను ఏటా జాబితా రాసి తొలగిస్తాం’ అని తీర్మానం రాయించుకోవడానికి ఇది మంచి ఆధారం. దాతలిచ్చినవి, మీరు ముద్రించుకున్నవి, పిల్లలు తయారుచేసినవి వేరే రిజిస్టరులో రాస్తే వాటి గురించి బెంగే ఉండదు. ఇంటికి మొదట పంపాల్సినవి అవే.

రిజిస్టరు గడులు నాలుగు చాలు: తేదీ, పేరు, పుస్తకం నంబరు, తిరిగిచ్చిన తేదీ. వారానికి ఇద్దరు పిల్లలు చూసుకుంటారు, వాళ్లను తరగతి లీడరే కాకుండా వంతుల వారీగా వేయండి. మంగళవారం ఇచ్చి గురువారం తీసుకోవడం, గురువారం ఇచ్చి శనివారం తీసుకోవడం తేలిక. వారం గడువిస్తే పుస్తకం ఇంట్లో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వానాకాలం ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపండి. పోగొట్టినవాళ్లకు జరిమానా వేస్తే తర్వాత ఇంట్లోవాళ్లే “పుస్తకాలు తేకు” అంటారు. బదులుగా ఒక చిరిగిన పుస్తకం బాగుచేయించండి.

మరమ్మతుకు సెల్లోటేపు వాడకండి, ఏడాదిలో పసుపెక్కి పేజీని కూడా లాగేస్తుంది. పిన్నులు ఊడిన పుస్తకాన్ని మధ్య మడతలో మూడు చిల్లులు పెట్టి మందపాటి దారంతో కుట్టాలి. మైదా లై మంచి జిగురే, కానీ బొద్దింకలను పిలుస్తుంది. ఫెవికాల్ పలచగా రాయండి. పెట్టెలను గోడకు జానెడు దూరంగా, ఇటుకల మీద పెడితే చెమ్మ, చెద పట్టవు.

10. ఇంగ్లిషు మాధ్యమంలో

ఆంధ్రలో 2020–21 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి, తర్వాత తెలంగాణలోనూ వచ్చాయి. పిల్లలు ఆ పద్ధతికి అలవాటుపడ్డారు కాబట్టి ద్విభాషా కథల పుస్తకాలు బాగా నడుస్తాయి. అయితే మొదటి మూడు నెలలు తెలుగు పుస్తకాలతోనే నడపండి. మాట్లాడే భాషలో చదివి అర్థం చేసుకోవడం అలవాటు కాని పిల్లలు ఇంగ్లిషులో అక్షరాలు పలుకుతారు, కథ వాళ్లకు అందదు.

11. మూడు నెలలకు ఏం చూడాలి

పుస్తకాల సంఖ్య చూడకండి. గంట కొట్టినా పుస్తకం మూయనివాళ్లు ఎంతమంది? పుస్తకం గురించి పక్కవాళ్లకు మీరు అడగకుండా చెబుతున్నారా? మొదటి వారం మీరు రాసుకున్న ‘ఆగిన చోటు’ మారిందా? అదే మూడు పుస్తకాల స్థాయిలో కొత్తవి తీసుకుని మళ్లీ వరండాలో చదివించండి. ఎదగనివాళ్ల జాబితా చిన్నదే అవుతుంది, అందులో ప్రతి పేరుకూ కారణం వెతకండి. కొందరికి చూపు సమస్య ఉంటుంది. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకునే పిల్లను కంటి పరీక్షకు పంపాలి, కథల పుస్తకం మార్చడం వల్ల ఉపయోగం లేదు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. ఆ వారం వ్యాసరచన, వక్తృత్వ పోటీలతో గడిచిపోతుంది, చదివే పావుగంటే ఎగిరిపోతుంది. పోటీలు పెట్టినా ఆ వేళను కదపకండి.

ఏప్రిల్లో సెలవులకు వారం ముందు పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించి లెక్క చూసుకోండి. తర్వాత కుట్టు గట్టిగా ఉన్నవి మనిషికి మూడు చొప్పున ఇవ్వండి: ఒకటి తేలికైనది, ఒకటి సరిపోయేది, ఒకటి ఇంట్లో ఎవరైనా చదివి వినిపించేది. ఒకే వీధి పిల్లలకు వేర్వేరు పుస్తకాలు పడేలా చూడండి, నెల తిరిగేసరికి వాళ్లలో వాళ్లే మార్చుకుంటారు. ఎవరి దగ్గర ఏది ఉందో రాసిన కాగితం ఒక నకలు బడిలో ఉంచి, ఇంకొకటి వీధిలో పెద్దపిల్ల ఒకామెకు ఇవ్వండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం వాటిని తీసుకోవడంతోనే మొదలుపెట్టండి, కొత్త పాఠ్యపుస్తకాలు ఇంకా పూర్తిగా రాని ఆ రోజుల్లో పావుగంటను అరగంట చేసుకునే వీలు కూడా ఉంటుంది.